వెచ్చని గదిలో ఒక్క చోటు

ఆవిరి గొట్టం వాల్వు మూసింది నేనే. మూయమన్నది మెలానియా యుహిమివ్నా. మళ్లీ తెరవాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

సోవియట్ యూనియన్ కూలాక అది మూడో చలికాలం. ద్నిప్రో నది గడ్డకట్టింది. మా వృక్షశాస్త్ర తోటలోని గాజు ఇళ్లన్నిటికీ సరిపడా బొగ్గు లేదు. ఒక్క గదినే వెచ్చగా ఉంచుతామని, అరుదైనవని రుజువున్న మొక్కలకే అందులో చోటని డైరెక్టర్ హోర్డి లుకిచ్ తేల్చేశాడు. నేను చెబుతున్న రోజు సాయంత్రమే గడువు.

మెలానియా ముప్ఫయ్యేళ్లుగా తోటకు ఫొటోలు తీస్తోంది, నేను ఆమె సహాయకుణ్ణి. ఆమె ప్రాణమంతా ఒక ఆర్కిడ్ మీదే. తొమ్మిదేళ్లకు తొలిసారి పూసింది, బియ్యపు గింజంత పువ్వు. దాని గొంతులోని ఎర్ర మచ్చ, రేకు చివరి నూగు ఒకే ఫొటోలో తేటగా కనిపిస్తే తప్ప అది అరుదైనదని డైరెక్టర్ నమ్మడు. అంత దగ్గరికెళితే ఒకటి తేటపడగానే రెండోది మసకబారుతుంది. అందుకే లేత్ మిషన్ పనివాడు పానాస్ చేత లెన్సును వంచే అడాప్టర్ చేయించుకుంది. లెన్సు వంచితే, తేటగా కనబడే సన్నటి మేర పువ్వు వాలు వెంటే సాగుతుంది, మచ్చా నూగూ రెండూ అందులో పడతాయి.

"గొట్టం వేడిగాలికి పువ్వు వణుకుతోంది నెస్తోర్. మూసెయ్."

"మొక్కకు చలెయ్యదూ?"

"పావుగంటకేం కాదులే. నువ్వు ఊపిరి బిగబట్టు చాలు. నువ్వు తిన్న వెల్లుల్లికే అది చచ్చేలా ఉంది."

మా కెమెరాల్లో అద్దం లేచేటప్పుడు పెట్టె మొత్తం అదురుతుంది. అందుకని మావాళ్లు లెన్సుకు టోపీ అడ్డం పెట్టి షట్టర్ తెరుస్తారు, అదురు తగ్గాక టోపీ తీసి అంకెలు లెక్కపెడతారు. మెలానియా నా టోపీ లాక్కుంది. పదకొండు ఫొటోలు అయ్యాయి. పన్నెండోసారి టోపీ కొస తగిలి పువ్వు రాలిపోయింది.  ఆమె ఫిల్ము పట్టుకుని, దాన్ని కడిగే చీకటి గదికి పరుగెత్తింది, స్టాండు మోసుకుంటూ నేనూ వెనకాలే.

పదో ఫొటో కుదిరింది.

"చూడరా! మచ్చా ఉంది, నూగూ ఉంది!" అని పసిపిల్లలా ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి.

ఫిల్ము కడిగేసరికి రెండు గంటలు దాటాయి, కుండీ తెద్దామని తిరిగొచ్చాం. ఆకులు ఉడికిన ఆకుకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. గొట్టం మీద చెయ్యి వేశాను, మంచులా ఉంది. 

"నేనే చంపేశాను," అన్నాను.

"నోర్ముయ్. మూయమన్నది నేను."

అయినా ఫిల్ము తీసుకుని డైరెక్టర్ దగ్గరికి వెళ్లింది, వెనకాలే నేనూ. ఎందుకో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఆయన తడి ఫిల్మును బల్బుకెదురుగా పట్టి చాలాసేపు చూశాడు. ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదాయన.

"ఇన్నేళ్లలో ఇలాంటిది తియ్యలేదు మీరు, మెలానియా యుహిమివ్నా. కిటికీకి దూరంగా, మొదటి అరలో చోటిస్తున్నా. పదండి, కుండీ నేనే మోసుకొస్తా," అని కోటు అందుకున్నాడు.

మెలానియా ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"కోటు అక్కర్లేదు, హోర్డి లుకిచ్. ఆ చోటు ఇంకో మొక్కకిచ్చెయ్యండి."