పసుపు మీద నెపం

అంకుల్ పోయారు. పోయిన బుధవారం పొద్దున ఆంటీ ఈ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ మీరందరూ చూశారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని రాసింది. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టి, మళ్లీ తీసేశాను. రెండిళ్ల అవతల మూడేళ్లు చూసిన మనిషికి ఒక బొమ్మ పెట్టి ఊరుకోవడం బాగాలేదనిపించింది. అందుకే ఇది ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. నా తెలుగు చదువు తొమ్మిదో క్లాసుతో ఆగింది, తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

అంకుల్ బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద పని నేర్చుకుని, ఇక్కడ అమెరికాలో, మన కమ్మింగ్‌లోనే ఒక మెషిన్ షాపులో రిటైరయ్యారు. ఇనుము పట్టుకున్న చేతులు. మా అమ్మ పచ్చడి సీసా మూత బిగుసుకుంటే నన్ను ఆయన దగ్గరికే పంపేది. ఆయన టీవీ చూస్తూనే తిప్పి ఇచ్చేసేవారు.

నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేను. పక్కన కూర్చున్నవాళ్లకి కూడా మెసేజ్ పెడతాను. ఒకరోజు సీసా తీసుకుని వెళ్తుంటే ఆయనే అడిగారు.

"శనివారం షూటింగ్ రేంజ్‌కి వస్తవా? ఆడ అందరు చెవులకు మఫ్‌లు పెట్టుకుంటరు. ఎవ్వడు నిన్ను మాట్లాడమనడు."

నాకు అంతకన్నా మంచి చోటు ఎవరూ చూపించలేదు. అమ్మ వచ్చి ఫారం మీద సంతకం పెట్టింది. అప్పటినుంచి ప్రతి శనివారం ఆయన కారులో వెళ్లేవాళ్లం. మొదటి నెల నా చేతికి గుళ్లు ఇవ్వలేదు. "ఖాళీ అని నీకు తెల్సినా సరే, గొట్టం మనిషి దిక్కు పోవద్దు" అనేవారు. ఆ మాట కొన్ని వందలసార్లు విని ఉంటాను. ఇంట్లో టీవీ రిమోట్ కూడా అమ్మ వైపు పెట్టడం మానేశాను.

ఆయనది నల్లటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్. పిడిలోకి దూరే మ్యాగజైన్‌లో పదిహేను గుళ్లు. పైనున్న స్లైడ్‌ని వెనక్కి లాగి వదిలితే మొదటి గుండు లోపలికి వెళ్తుంది, మిగతావి అదే లాక్కుంటుంది. పక్క వరసలో ఎవరైనా రివాల్వర్ తీస్తే అంకుల్ నా చెవి దగ్గరికి వచ్చి, "పెన్షన్ తీస్కునేటోళ్ల తుపాకి" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "ఏ రోజు నా తుపాకి ఇంకొకడు లాగియ్యాలో, ఆ రోజు బంద్." అది విన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

కిందటేడు కాక ఆ ముందు ఏడాది దసరాకి ఆంటీ ఆయుధపూజ చేసింది. కారు, మిక్సీ, అంకుల్ పాత పనిముట్లు, ఖాళీ చేసిన పిస్టల్, అన్నిటికీ నూనెలో కలిపిన పసుపు రాసి కుంకుమ పెట్టింది. పిస్టల్‌కి కాస్త భక్తి ఎక్కువైంది. పసుపు స్లైడ్ సందుల్లోకి దిగి ఎండిపోయింది. అంకుల్ పైపైన తుడిచి తీసుకొచ్చారు. రేంజ్‌లో మూడో గుండుకే ఆగిపోయింది. ఇంటికొచ్చి విప్పి చూస్తే లోపలంతా పులిహోర రంగు.

"తుపాకికి పూజ చెయ్యమంటే తాలింపు పెట్టినవు" అన్నారు ఆంటీతో.

"అమ్మవారికి కనబడాలె కదండి" అంది ఆంటీ. ఇద్దరూ నవ్వుకున్నారు.

పిస్టల్‌ని ఇద్దరం కలిసి పూర్తిగా శుభ్రం చేశాం. పసుపు చుక్క లేదు. కానీ తర్వాతి శనివారం మళ్లీ ఆగింది. ఆ తర్వాత వారం కూడా. ప్రతిసారీ "ఆ పసుపేరా" అనేవారు.

పట్టు వదులుగా ఉంటే సెమీ ఆటోమేటిక్ మధ్యలో ఆగిపోతుందని నాకు నేర్పిందే ఆయన. అందుకే నేను ఆయన చేతులు చూడటం మొదలుపెట్టాను. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. స్లైడ్ లాగడానికి రెండుసార్లు, మూడుసార్లు పట్టేది. ఆ నెలలోనే అమ్మ పంపిన గోంగూర సీసాని కాసేపు తిప్పి, "వేడినీళ్లల పెట్టు" అని ఆంటీకి ఇచ్చేశారు.

ఒక శనివారం గుండు లోపల ఇరుక్కుంది. స్లైడ్ రాలేదు. బలం కోసం ఆయన పిస్టల్‌ని పక్కకి తిప్పి పొట్టకి దగ్గరగా పట్టుకుని లాగారు. గొట్టం మెల్లగా పక్క వరస వైపు తిరిగింది. మధ్యలో గోడ ఉంది, అయినా రేంజ్ చూసుకునే ఆవిడ గట్టిగా అరిచింది. అంకుల్ వెంటనే పిస్టల్ కింద పెట్టేశారు. ఆవిడే వచ్చి గుండు తీసి ఇచ్చింది. ఆయన మొహం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

కారులో కూర్చున్నాక "పాడు పసుపు" అన్నారు.

నిజం చెప్తే శనివారాలు పోతాయి. బంద్ అన్నారంటే బందే. చెప్పకపోతే ఇంకోసారి గొట్టం ఎటు తిరుగుతుందో. ఫోన్ తీశాను. టైప్ చేశాను: "పసుపు కాదు అంకుల్. మీ వేళ్లు."

ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. తీసి చదివారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివారు.

"పక్కన కూసొని పోస్ట్ పంపినవారా" అన్నారు. ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "సరే, నోటితోని చెప్పు. వింట."

"మీ వేళ్లకి నొప్పి అంకుల్. పసుపు ఎప్పుడో పోయింది" అన్నాను.

"నాకు తెల్వదా?" అని కారు స్టార్ట్ చేశారు. "నాకు తెల్సని నీకు తెల్సని ఇయ్యాల తెల్సింది."

ఆ మాట ఇప్పటికీ నాకు సగమే అర్థమవుతుంది. ఇంటి దగ్గర దిగేటప్పుడు, "వచ్చే శనివారం రేంజ్ లేదు" అన్నారు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు, "కొత్తది చూద్దాం. కొనేముందు చెయ్యిని అడగాలె, కన్నుని గాదు" అన్నారు.

తుపాకుల షాపులో ముందు చిన్న తేలిక రివాల్వర్ చూపించి ఇది నయం కదా అన్నాను. "తేలికది ఎక్కువ తంతది. గుండు దెబ్బ మొత్తం మణికట్టుకే" అన్నారు. షాపతను స్లైడ్ మెత్తగా ఉండే సెమీ ఆటోమేటిక్ ఒకటి ఇచ్చాడు. అంకుల్ ఒక్కసారికే లాగేశారు. మొహం వెలిగిపోయింది. ఇదే తీసుకుంటారనుకున్నాను. కానీ మ్యాగజైన్‌లోకి ఉత్తుత్తి గుళ్లు నొక్కుతుంటే నాలుగోదానికే బొటనవేలు జారింది. స్ప్రింగ్ గట్టిది. నావైపు చూశారు. నేను "నేను నింపుతాను" అని అనలేదు. అంటే ఆయన బంద్ చేసేవారు.

చివరికి బరువైన స్టీల్ రివాల్వర్ తీసుకున్నారు. చెక్క పిడి, ఆరు గుళ్లు. స్లైడ్ లేదు, స్ప్రింగ్‌ని నొక్కే పని లేదు. గుండ్రటి సిలిండర్ పక్కకి తెరిచి ఒక్కో కన్నంలో ఒక్కోటి వదలడమే. ట్రిగ్గర్ మాత్రం బరువే. వెనకున్న సుత్తిని బొటనవేలితో ముందే వెనక్కి లాగి పెడితే అదీ తేలికవుతుంది. ఆయన నాలుగైదుసార్లు చేసి చూసి తల ఊపారు.

"పదిహేను పోయి ఆరు" అన్నాను.

"ఆ పదిహేనుల తగిలినయి ఎన్ని? ఆరంటే మంచిగ చూసి కొడతం."

ఇంట్లో సిలిండర్ తెరిచి ఆంటీకి చూపించారు. ఆంటీ వంగి చూసి, "గుంతపొంగనాల పెనం లెక్క ఉంది" అంది. ఆ రోజునుంచి మా ఇద్దరికీ దాని పేరు అదే. రేంజ్‌లో నింపుతూ "పిండి పోస్తున్న" అనేవారు. ఒక్కోటి మెల్లగా, ఎవరి సాయం లేకుండా. పక్క వరసల్లో సెమీ ఆటోమేటిక్‌లు టకటకమంటుంటే మాది ఆగి ఆగి పేలేది. పెన్షన్ తుపాకి అని ఎవరైనా అంటారేమో అని నేను చూసేవాడిని. ఆయన చూసేవారు కాదు.

మొన్నటి దసరాకి ఆంటీ పళ్లెం తెచ్చేసరికి అంకుల్ ఖాళీ రివాల్వర్ పెట్టి వేలితో చూపించారు. "ఇనుము ముట్టొద్దు. చెక్కకు పెట్టు." ఆంటీ పిడి మీద పెద్ద బొట్టు పెట్టింది. శనివారం దాంతోనే ముప్పై గుళ్లు కాల్చారు, ఒక్కటీ ఆగలేదు. వచ్చేటప్పుడు డ్రైవ్ చేస్తుంటే అరచేయంతా ఎర్రగా ఉంది. కడుక్కోలేదు.

నిన్న పదకొండో రోజు సామాన్లకి ఆంటీని ఇండియన్ స్టోర్‌కి నేనే తీసుకెళ్లాను, ఆయన కారులోనే. రివాల్వర్ లాక్ బాక్స్‌లో ఉందట. "అమ్మేద్దమంటున్నరు అందరు. నాకు ఆ పెనం పట్టుకునుడు వస్తదంటవా?" అని అడిగింది.

"రేంజ్‌లో ఆవిడ నేర్పుతుంది ఆంటీ. నేను పక్కనుంటాను" అన్నాను.

కారు తీయబోతుంటే ఆంటీ స్టీరింగ్ వైపు చూసింది. లేత రంగు కవర్ మీద, అంకుల్ కుడి చెయ్యి ఆనే చోట, కుంకుమ మరక. పర్సులోంచి టిష్యూ తీసింది.

జేబులో ఫోన్ ఉంది. తీయలేదు.

"వద్దాంటీ" అన్నాను.

ఆంటీ టిష్యూ మడిచి మళ్లీ పర్సులో పెట్టుకుంది. నేను ఆ మరక మీదే చెయ్యి వేసి కారు తిప్పాను.