వాలు చివర ఏముంది

2024 డిసెంబరు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, తెలిపారా పేటలో నా ట్రావెల్ డెస్కు తెరిచి అప్పటికి రెండో చలికాలం. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేస్తున్నది జనాన్ని సెలవులకు పంపడం. ఈ రెండింటినీ కలిపేది నా షీటు ఒక్కటే. ఎవరైనా రెండు ఊళ్ల మధ్య తేల్చుకోలేకపోతే వాటిని పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క అంశానికి మార్కులు వేసి, మొత్తం తీసి చూపిస్తాను. స్కీయింగ్ ఊళ్ల షీటులో అప్పటికి ఇరవై రెండు అంశాలు ఉండేవి. అందులో లేనిది ఏదీ లేదని నా నమ్మకం.

ఆ నెలలో ఒక ఉదయం సింహాచలం బాబాయ్, పార్వతి పిన్ని వచ్చారు. బాబాయ్ గూడ్స్ బండి లోకో పైలట్. రైల్వే క్వార్టర్స్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు. పన్నెండేళ్ల కూతురు లావణ్యకు మంచు మీద జారాలని కోరిక. బాబాయ్ లీవు సాంక్షన్ చేయించుకున్నారు, ఢిల్లీ దాకా రైల్వే పాసు ఉంది. అక్కడి నుంచి ఏ కొండకి వెళ్లాలన్నదే ప్రశ్న. వారు ఎంచుకున్నవి రెండూ చిన్న ఊళ్లే, ఒకటి ఉత్తరాఖండ్‌లో, ఒకటి హిమాచల్‌లో.

కష్టం అక్కడ కాదు. ఫిబ్రవరిలో బాబాయ్‌కి పి.ఎం.ఇ. ఉంది. రన్నింగ్ స్టాఫ్‌కి కొన్నేళ్లకోసారి జరిగే వైద్య పరీక్ష అది. తప్పితే ఇంజను దిగిపోవాలి.

"కాలు ఇరిగిందంటే ఏటవుద్ది?" అంది పిన్ని, నన్ను సాక్షిగా పెట్టుకుని. "ఇన్నేళ్లు బండి నడిపినోరు కుర్చీలో కూకుని ఫైళ్లు తిప్పుతారు. అది సూడాల నేను."

"లావణ్య గుంటకి మాటిచ్చీసాను," అన్నారు బాబాయ్. "అది జారతంటే నేను గట్టు మీద నిలబడి సప్పట్లు కొట్టాలేటి?"

"కొట్టండి. సప్పట్లకి మెడికల్ ఫెయిలవదు."

నేను నవ్వు ఆపుకుని షీటు తిప్పి చూపించాను. ఉత్తరాఖండ్ ఊరికి 84, హిమాచల్ ఊరికి 67. మొదటిదానిలో వాలు పొడవు, మనుషుల్ని పైకి లాక్కెళ్లే తాడు లిఫ్టు ఉంది, నేర్పేవాళ్లు ముగ్గురు, గదిలో హీటరు రోజంతా. రెండోదానిలో వాలు పొట్టి, లిఫ్టు లేదు, స్కీలు భుజాన వేసుకుని ఎక్కాలి, హీటరు సాయంత్రం మాత్రమే. బుక్ చేసేయడమే అన్నట్టు కీబోర్డు మీద చెయ్యి పెట్టాను.

"అచ్ఛా," అన్నారు బాబాయ్. "గ్రేడియంట్ ఎంత?"

గ్రేడియంట్ అంటే వాలు ఎంత నిటారుగా ఉందో చెప్పే లెక్క. నా తొమ్మిదో అంశం. గర్వంగా చెప్పాను, రెండింటిలోనూ దాదాపు ఒకటే.

"సరే. కింద ఏటుంది?"

"కింద అంటే?"

"జారడం అయిపోనాక. ఆగలేనోడు ఎక్కడికెళ్తాడు?"

ఇరవై రెండు వరుసలూ పై నుంచి కిందికి చూశాను. లేదు.

అప్పుడాయన నా నోట్‌ప్యాడ్ లాక్కుని ఒక గీత గీశారు. ఘాట్ సెక్షన్‌లో, అంటే రైలు కొండ దిగే చోట, కొన్ని స్టేషన్లకు ముందు క్యాచ్ సైడింగ్ అనే పక్క పట్టా ఉంటుంది. అది పైకి ఎక్కుతుంది. బ్రేకు పట్టని బండిని అటు మళ్లిస్తే ఆ ఎత్తే దాన్ని నెమ్మది చేసి ఆపుతుంది.

"డ్రైవరు మంచోడే, బ్రేకూ మంచిదే. ఐనా సైడింగ్ ఉండాల. నేను కొత్తోణ్ణి, నాకు బ్రేకే రాదు."

అక్కడే స్పీకరు పెట్టి, రెండు ఊళ్లలోనూ స్కీయింగ్ నడిపేవాళ్లకు ఫోన్ చేశాను. ఉత్తరాఖండ్ మనిషి హిందీలో హాయిగా చెప్పాడు, వాలు చివర కొంచెం చదును, తర్వాత ఇనుప కంచె, కంచె అవతల జీపుల పార్కింగ్, అక్కడిదాకా ఎవరూ రారు సార్ అని.

"రారా? రాకుండా ఆపేది ఏటైనా ఉందా? అడుగు," అన్నారు బాబాయ్.

అడిగాను. కంచే ఆపుతుంది సార్ అన్నాడు.

హిమాచల్ మనిషి చెప్పలేదు, ఫొటో పంపాడు. వాలు దిగి, చదునై, ఎదురుగా మళ్లీ మెల్లగా పైకి లేచింది, పెద్ద మూకుడులా. కంచె లేదు, రోడ్డు లేదు.

"అద్గదీ!" అన్నారు బాబాయ్.

"మార్కుల్లో పదిహేడు తేడా బాబాయ్," అన్నాను, ఇంకా షీటుని వదల్లేక.

"నీ షీటులో ఇంజను బాగుంది బాబూ. బ్రేకు లేదు."

పిన్ని ఫొటోని పెద్దది చేసి చూసింది. "లిఫ్టు లేదట. ఆ కర్రలు మోసుకుని ఎక్కగలరా?"

"ఎక్కితే కాలు ఇరగదే. దిగితేనే."

జనవరిలో వెళ్లారు. రోజూ మధ్యాహ్నం ఒక మెసేజ్ పెట్టమని చెప్పాను. రెండు రోజులు పెట్టారు. మూడో రోజు నాలుగున్నర దాకా ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే రింగు కూడా లేదు. ఐదుకి పిన్ని నంబరు మోగింది.

"ఒరే కిశోరూ, మీ బాబాయ్ ఆగలేకపోనారురా."

కాలు సంగతి అడగబోయాను. అంతలో వెనక లావణ్య పగలబడి నవ్వుతున్న శబ్దం వినిపించింది. పిన్ని వెంటనే ఫోన్ ఆయనకిచ్చింది.

గూడ్స్ బండి కదిలాక డ్రైవరు మొదట కాస్త బ్రేకు వేసి చూసుకుంటాడు, బ్రేక్ ఫీల్ టెస్ట్ అంటారు. బాబాయ్ కూడా పది అడుగులు జారి, ఆగి, అంతా సరిగానే ఉందని తేల్చుకున్నారట. భోజనాల తర్వాత మంచు గట్టిపడింది. సగం దిగేసరికి స్కీలు పట్టు వదిలేశాయి.

"హారన్ లేదు కదా, నోటితోనే కూత పెట్టాను. జనం తప్పుకున్నారు. నేర్పినోణ్ణి దాటీసి, చదును దాటీసి, ఎదురు గట్టు ఎక్కీసాను. అక్కడ దానంతటదే నెమ్మదైపోనాది. ఆగి, మంచులో కూలబడ్డాను. కాలూ చెయ్యీ అన్నీ ఉన్నాయి, లెక్కెట్టుకున్నాను."

"నాన్న రెడ్ సిగ్నల్ దాటేశారు అన్నయ్యా!" అని అరిచింది లావణ్య. రైల్వే ఇంట్లో అంతకన్నా పెద్ద నింద లేదు.

ఫోన్ పెట్టేశాక ఉత్తరాఖండ్ ఊరికి నేను ముందే బుక్ చేసిన రెండు కుటుంబాలకు ఫోన్ చేసి కంచె సంగతి చెప్పాను. ఒకరు ఊరు మార్చుకున్నారు. ఇంకొకరు మంచు చూడటానికే వెళ్తాం, జారం అన్నారు. ఫిబ్రవరిలో బాబాయ్ పి.ఎం.ఇ. పాసయ్యారు. ఆ సాయంత్రమే డ్యూటీకి వెళ్తూ బ్యాగు భుజాన వేసుకుని డెస్కు దగ్గర ఆగి, కుడికాలు ఎత్తి చూపించి వెళ్లిపోయారు.

మార్కులు కూడటంలో ఒక మోసం ఉందని నాకు అప్పుడు తెలిసింది. మంచి హీటరుకు వచ్చిన మార్కులు లేని సైడింగుని కప్పేస్తాయి. మొత్తం చూస్తే లోటు కనిపించదు. ఇప్పుడు నా షీటులో మొదటి వరుస "కింద ఏముంది?" అన్నది. దానికి మార్కులు లేవు. ఆ గడి నిండితేనే మిగతా ఇరవై రెండూ తెరుస్తాను.