నా గంపెడు పట్టుగూళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకే ఎక్కువ చోటు. చింతామణి దగ్గర పల్లె మాది. తమ్ముడు బడికి పోతే, నేను మల్బరీ ఆకు కోసుకొచ్చి వాటిని మేపేదాన్ని.

ఒకరోజు వీధి చివర పట్టుదారం తీసే ఇంట్లో, పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో వేయడం చూశాను. లోపలి పురుగులు చచ్చిపోతాయని అప్పుడే తెలిసింది. పరుగున ఇంటికొచ్చి, అమ్మకానికి సిద్ధంగా ఉన్న గూళ్ళలో ఒక గంప లాక్కుని, దాన్ని వాటేసుకుని కూర్చున్నాను. నా చేత్తో మేపినవాటిని ఉడకనిచ్చేది లేదన్నాను.

"మారాణి ఆజ్ఞ అయింది. ఇంగ మనమంతా గంజి తాగల్ల" అని మా నాయన చెయ్యెత్తాడు. మా అవ్వ అడ్డమొచ్చింది.

"ఇడిసిపెట్టప్పా. ఆ గంప దానిది. ఏమ్మే, బాగా సాకుతావా?"

"సాకుతా. అన్నిట్నీ ఎగరేస్తా" అన్నాను.

కొన్నాళ్ళకు గూళ్ళు తొలుచుకుని తెల్లటి రెక్కల పురుగులు బయటికొచ్చాయి. సంబరంగా గంపను వాకిట్లో పెట్టి మూత తీశాను. ఒక్కటీ ఎగరలేదు. రెక్కలు కొట్టుకుంటూ ఉన్నచోటే తిరిగాయి. లేత ఆకు వేస్తే ముట్టలేదు. గుడ్లు పెట్టి, ఒక్కొక్కటిగా రాలిపోయాయి. నేను ఏడుస్తుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"తరతరాలుగా ఇండ్లలో పెరిగినవమ్మా ఇవి. ఎగరను చేతకాదు, తినను నోరు లేదు. ముందే చెప్తే నువ్వు వినేదానివా?"

"అయినా ఉడకబెట్టేది తప్పే."

"తప్పే అనుకో. ఆ మాట ఇడిసిపెట్టొద్దు. అయితే మూత తీసేముందర, బయటికొచ్చినాక వాటి గతేమని అడుగు."

అరవై దాటాక, మా ఊళ్ళో సాయంత్రంపూట పెట్టిన పెద్దల తరగతిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా ఊళ్ళో చదవడం రాని ఆడమనిషి ఉండకూడదని పంతం పట్టాను. ఆ గంప వాటేసుకున్న పిల్లనైతే, ఇంటింటికీ పోయి అత్తలతో పోట్లాడి, కోడళ్ళను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడు గడపలో కూర్చుని ముందు అడుగుతాను. సాయంత్రం నువ్వు పలక పడితే ఇంట్లో సంగటి ఎవరు కెలుకుతారు, ఆలస్యమైతే ఎవరి చేత మాటలు పడాలి, బిడ్డనెవరు చూసుకుంటారు అని. దానికి దారి చూశాకే తరగతి మాట ఎత్తుతాను.

పక్కింటి కోడలు అక్షరాలు దిద్దుతున్నంతసేపూ ఆమె బిడ్డ నా ఒళ్ళోనే ఉంటాడు. వాడు ఏడిస్తే ఎత్తుకుని వాకిట్లో తిప్పుతాను. ఆమెను మాత్రం లేవనివ్వను.