గురిగింజ తూకం

తొర్రూరుల తుపాకుల మేస్త్రి అమీర్ అలీని ముసలితనంల అందరు "ఎరుకలేదు తాత" అనేటోళ్లు. ఏదడిగినా ముందుగాల నోట్లెకెళ్లి గదే మాట. "తాతా, ఖమ్మం బస్సు పోయిందా?" అంటే "నాకెరుక లేదు బిడ్డా, అడిగి చెప్త" అని కట్టె పట్టుకొని లేచి నిజంగనే అడగవోయేటోడు. ఎంత నెమ్మదస్తుడో అనుకునేది ఊరు. నెమ్మదా, పాడా! వయసుల ఉన్నప్పుడు ఆయనంత మిడిసిపాటు మనిషి ఈ చుట్టుపట్ల లేకుండె. ఆ మిడిసిపాటు ఎక్కడ చచ్చిందో చెప్త, వినుండ్రి.

అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ కావాలని పిలగాండ్లు బడులు బందువెట్టి రోడ్ల మీదికొచ్చిన ఏడాది. మేస్త్రికి అప్పుడు ముప్పై రెండేండ్లు. తుపాకి కట్టె పగిలినా, గొట్టం తుప్పు పట్టినా ఆయన చెయ్యి పడాల్సిందే. గాని ఆయన అసలు పనితనం తూటాలు ఏరుట్ల ఉండె. పాలకుర్తి దిక్కు భూస్వామి శ్రీపాల్ రెడ్డి హైదరాబాదుల రైఫిల్ పోటీలకు పోయేటోడు. మూడు వందల గజాల అవతల అట్ట మీద నల్ల చుక్కను కొట్టాలె. దొర డబ్బాలు తెచ్చి ముందల పెడితే, మేస్త్రి ఒక్కొక్క తూటాను అద్దం పలక మీద దొర్లిచ్చేటోడు. జర ఊగిందా, అది పక్కకు. ఒక డబ్బాది ఇంకో డబ్బాల కలువనియ్యకపోయేది. ఆఖరుకు కంసాలి తరాజు తీసి, గురిగింజలు పెట్టి, బరువు సమానమున్నయే మూట కట్టేది. "వంద గజాల కాడ ఏ తూటా అయినా మర్యాద కాపాడుతది దొరా. మూడు వందల కాడనే దాని గుణం బయటపడుతది" అని మీసం మీద చెయ్యేసేటోడు.

ఆ ఏడు బందుల మీద బందులు. పట్నంల దుకాణాలు తెరవలే, తూటాలు దొరకలే. దొర ఎవరో దోస్తు కాడ విడి సామాను పట్టుకొచ్చిండు. తూటాల ఖాళీ ఇత్తడి ఖోళ్లు, వాటి అడుగున పెట్టే నిప్పు టోపీలు, తుపాకి మందు డబ్బ, గుండ్లు. వాటితోని ఒక ఇంగ్లీషు చీటీ.

"ఇన్నొద్దులు ఏరినవు, ఇగ నువ్వే నింపు మేస్త్రీ. మందెంత పొయ్యాల్నో చీటీల ఉన్నది" అన్నడు దొర.

మేస్త్రికి ఉర్దూ వచ్చు, తెలుగు కూడబలుక్కుంటడు, ఇంగ్లీషు రాదు. దొరతోని ఆ ముక్క అంటె ఏం పోతుండె? అనలే. దొర పోంగనే చీటీ జేబులేసుకొని పోస్టాఫీసుకు నడిసిండు.

పోస్టుసారుది కృష్ణా జిల్లా. చెడ్డోడు కాదు, నోటి దురద మనిషి. ఆర్నెల్ల కింద మేస్త్రి "సార్, గీ కార్డు ఎప్పుడు ముట్టుతది?" అనడిగితే, "గీ కాదయ్యా, ఈ అనాలి. గీ గీ అంటే గీతలు గీస్తున్నట్టుంది" అని నవ్విండు. లైన్ల నిలవడ్డోళ్లు గుడ నవ్విండ్రు. ఆ నవ్వు మేస్త్రికి కడుపుల ముల్లు లెక్క ఉండిపోయింది. గందుకే ఈ పారి తక్కువ మాట్లాడి వచ్చెయ్యాలని పోయిండు.

పోస్టుసారు కండ్లద్దాలు సవరించుకొని అంకె చదివిండు, రెండుసార్లు చదివిండు. "ఇన్ని గ్రెయిన్లు అని రాసుంది మేస్త్రీ. గ్రెయిన్ అంటే ఏవిటో తెలుసునా నీకు?"

అడిగినోడు మంచికే అడిగిండు. మేస్త్రికి మాత్రం మల్ల ఆ నవ్వే వినవడ్డది. "ఎందుకెరుక లేదు? గ్రెయిన్ అంటె గింజ! పుట్టినకాన్నుంచి మేం గింజలతోనే తూస్తున్నం" అని చీటీ గుంజుకున్నంత పని చేసి తీసుకున్నడు.

"సరే మరి, పనివాడివి, నీకు తెలియదా" అన్నడు పోస్టుసారు.

ఇంటికొచ్చి తరాజుల ఒక దిక్కు గురిగింజలు లెక్కవెట్టిండు, ఒక దిక్కు మందు పోసిండు. ఖోలు మూతిదాంక వచ్చింది. గుండు కూసుండనంటె అదిమి కూసోవెట్టిండు. చెయ్యి ఒక్కసారి ఆగింది. పక్కన పప్పు చెరుగుతున్న భార్య అక్బరీ బేగం చూసి, "ఏమైంది జీ? అనుమానముంటె మల్లొక్కపారి అడగరాదుండ్రి" అన్నది. "నాకు చెప్పేటోడు పుట్టలే" అన్నడు.

మూడోనాడు పొద్దుగాల గుట్ట కింద దొర మొదటి తూటా పెట్టి తుపాకి మీట నొక్కిండు. రైఫిలు ఎనుక భాగం పేలింది. దొర కుడిచేతి రెండు వేళ్లు పోయినయి, కుడికన్ను పోయింది. దొరసాని సుగుణమ్మ మొత్తుకుంటుంటె జీపుల ఏసుకొని హన్మకొండ దవాఖానకు ఉరికిండ్రు. దొర బతికిండు. గంతే.

"మందు ఎక్కువ పడ్డదంటున్నరు, చీటీ ఎవరు చదివిండ్రు?" అని దవాఖానల సుగుణమ్మ అడిగింది.

"పోస్టుసారు చదివిండమ్మా" అన్నడు మేస్త్రి. అబద్ధం కాదు. జిందగీల ఆయన చెప్పిన మాటలన్నిట్ల అంత పాపపు మాట ఇంకోటి లేదు, గది మాత్రం నిజం.

ఇగ చూడుండ్రి. ఆ రోజులు ఎసొంటియి! సాయంత్రానికల్లా తొర్రూరుల మాట మారిపోయింది. ఆంధ్రాయన కావాల్నని అంకె ఎక్కువ చేసి చదివిండట, తెలంగాణ దొరను సంపాలని చూసిండట. తెల్లారేసరికి పోస్టుసారు ఇంటి ముంగట గోబ్యాక్ అని గుంపు. పాలు పోసే నీలి పాలు బందువెట్టింది. హోటలోడు చాయ పొయ్యలే.

మేస్త్రి దవాఖానలనే దొర కాడ ఉన్నడు. రెండోనాడు మందుల కిటికీ కాడ కంపౌండరు నర్సయ్య చిన్న తరాజుల పొడి తూస్తుండె. గోరంత తూకం బిళ్లలు వేస్తున్నడు.

"అన్నా, గీటిని ఏమంటరే?"

"గ్రెయిన్లు. ఇంగ్లీషోని తూకం."

మేస్త్రి కిటికీ దగ్గరికి జరిగిండు. జేబుల ఎప్పుడూ ఉండే గురిగింజ తీసి, "జర గిది పెట్టి చూడే" అన్నడు. నర్సయ్య ఒక దిక్కు గింజ పెట్టిండు, రెండో దిక్కు గ్రెయిన్ బిళ్ల పెట్టిండు. గింజ దిక్కు దబ్బున కిందికి పోయింది. ఇంకో బిళ్ల వేస్తె గాని లేవలే.

సిగ్గు అంటె ఏందో మేస్త్రికి అప్పుడు ఎరుకైంది. దొర మంచం పది అడుగుల దూరంల ఉన్నది. పోయి చెప్పొచ్చు. మంచం దాంక పోయిండు, కట్టు కట్టిన మొఖం చూసిండు. "నీళ్లు కావాల్నా దొరా?" అని అడిగి వచ్చిండు.

ఇంటికొచ్చి అక్బరీ బేగంకు ఒక్కదానికే చెప్పిండు. ఆమె "తోబా తోబా" అని చెంపలేసుకున్నది. "పోండ్రి. బజార్ల నిలవడి చెప్పుండ్రి. ఒక ఆడమనిషి చంటిపిల్లకు పాలు లేక ఆ పోస్టుసారు ఇంట్ల కూసున్నది" అన్నది.

"ఇగ నాతోని తుపాకి ఎవడు బాగుచేయించుకుంటడు? ఆంధ్రోని దిక్కు మాట్లాడిండని నన్ను తంతరు" అన్నడు. అక్బరీ లేచింది. ఆయన ముంగట తరాజు తెచ్చి పెట్టి వంటింట్లకు పోయింది.

నాలుగోనాటికి గాని ఆయన లేవలే. తొవ్వ పొడుగూత మాటలు కూడవెట్టుకుంట నడిసిండు. బస్సులాగే కాడ పోస్టుసారు రెండు ట్రంకు పెట్టెల మీద కూసున్నడు, పక్కన భార్య, ఆమె ఒళ్లె పిల్ల. నలుగురు పోలీసులు, ఇరవై మంది జనం. మేస్త్రి గుంపు దాటుకొని ముంగటికొచ్చి నోరు తెరిసిండు.

ఆయనకన్న ముందుగాల పోస్టుసారే లేచిండు. గడ్డం పెరిగింది, కండ్లు గుంటలు పడ్డయి. చేతులు జోడించిండు.

"నన్ను క్షమించు మేస్త్రీ. నాలుగు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. రెండుసార్లు చూసి చదివాననే అనుకున్నాను. ఇంతమంది అంటున్నారంటే నేనే తప్పు చదివి ఉంటాను. ఆయన కన్ను పోగొట్టాను. నీ పనికి చెడ్డపేరు తెచ్చాను."

బస్సు వచ్చి ఆగింది. జనం అందరు మేస్త్రి దిక్కు చూస్తున్నరు, ఏమంటడో అని. చీటీ ఆయన జేబులనే ఉండె. గురిగింజ గుడ.

"పర్వలేదు సార్. మనిషన్నంక తప్పు జరుగుతది. నేను మాఫ్ చేసిన" అన్నడు అమీర్ అలీ.