హాజరు పలికిన గొంతు

దయ్యాలనీ, గాలి సోకడాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. మాది కొమరోలు దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. ఊళ్లో ఎవరైనా అలాంటి మాట ఎత్తితే నాయన "పనీపాటా లేనోళ్ల మాటలు" అని లేచిపోయేవాడు. నేనూ అంతే. ఇప్పుడు చెప్పబోయేదాన్ని దయ్యం కథ అనను. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

ఇంటర్ అయ్యాక మార్కాపురం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్లో చేరాను. అమ్మా నాయనా కూలి పనికి పోతారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

చిన్నప్పటి నుంచీ నాకు కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు. మెస్సులో ఇంకాస్త కూర అడగలేక అన్నంలో మజ్జిగ పోసుకుని లేచేదాన్ని. కుళాయి దగ్గర నా బకెట్ ఎవరు పక్కకు నెట్టినా ఊరుకునేదాన్ని.

అన్నిటికంటే కష్టం అటెండెన్స్. మొదటి పీరియడ్ లెక్కల సారుది. ఆయన తల ఎత్తకుండా గబగబా పేర్లు చదివేవారు. నా పేరు వచ్చేసరికి మాట బయటికి వచ్చేది కాదు. వచ్చినా నాకొక్కదానికే వినపడేది. సారు ఆబ్సెంట్ వేసి తర్వాతి పేరుకు వెళ్లిపోయేవారు. క్లాసయ్యాక వెళ్లి చెప్పుకోవచ్చు. అదీ నా వల్ల కాలేదు.

నా పక్కన షబానా కూర్చునేది. మార్కాపురం పిల్ల, రోజూ ఇంటి నుంచే వచ్చేది. "చెయ్యన్నా ఎత్తవే" అని మోచేత్తో పొడిచేది. ఆ చెయ్యి కూడా లేచేది కాదు.

హాజరు తక్కువైతే పరీక్షలు రాయనివ్వబోమని ఒకరోజు నోటీసు పెట్టారు. అది చదివాక నాకు ఏడుపు కూడా రాలేదు. శనివారం ఇంటికి పోయి, మళ్లీ రాకూడదనుకున్నాను. బట్టలన్నీ సంచిలో సర్దేశాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉన్నాననే చెప్పేదాన్ని. హాజరు గొడవ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

శుక్రవారం పొద్దున సారు ఎప్పటిలాగే పేర్లు చదువుతున్నారు. నా పేరు వచ్చింది. ఎలాగూ వెళ్లిపోయేదాన్నే కదా అని, తల వంచుకుని బెంచీ మీద ఎవరో గీసిన గీతలు చూస్తూ కూర్చున్నాను. పలకాలని కూడా అనుకోలేదు.

"ఉండా సార్."

గదంతా వినపడింది. నేను కూర్చున్న చోటి నుంచే వచ్చింది. అందరూ అనే "ప్రెజెంట్ సార్" కాదు, మా ఊరి మాట. గొంతు నాది కాదు. కాస్త బొంగురుగా, చేలో అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచినట్టుంది. ఆ గొంతు నాకు తెలుసు.

క్లాసంతా నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు. సారు మొదటిసారి తల ఎత్తి నా వైపు చూశారు.

"ఏ ఊరమ్మా నీది?"

లేచి నిలబడ్డాను. "కొమరోలు పక్కన సార్." ఈసారి మాట్లాడింది నేనే.

"మాదీ ఆ పక్కే, గిద్దలూరు. ఇంత గొంతు పెట్టుకొని ఇన్నాళ్లు ఏడ దాచినావు? రోజూ వస్తానే ఉండావా?"

"వస్తానే ఉంది సార్, నా పక్కనే కూర్చుంటది" అంది షబానా. క్లాసయ్యాక వచ్చి కలవమన్నారు సారు. వెళ్లాను. పాత ఆబ్సెంట్లు సరిచేశారు.

బయటికి రాగానే షబానా నా చెయ్యి పట్టుకుంది. ఆమె నవ్వడం లేదు.

"నీ నోరు కదలనే లేదు. ఈ రోజన్నా పలుకుతావా లేదా అని నేను నిన్నే చూస్తా ఉండా."

ఆ గొంతు మా అవ్వది. నాయనకు అమ్మ. అమ్మా నాయనా మిరప కోతలకు గుంటూరు వైపు పోయినప్పుడల్లా నన్ను సాకింది ఆమే. దుకాణంలోనో బస్సులోనో ఎవరైనా నా పేరు అడిగితే, నేను ఆమె చీర కుచ్చెళ్లలోకి దూరేదాన్ని. ఆమే చెప్పేది. అంతకుముందు ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. అప్పటి నుంచి మంచంలోనే ఉంది. ఏది అడిగినా "ఊ" అనడమే.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు.

"అవ్వ మాట్లాడిందే."

"ఏమన్నది?"

"పొద్దున జావ తాపుతా ఉంటే ఉన్నట్టుండి 'ఉండా సార్' అనింది. గట్టిగా అనింది. పక్కింటి మరియమ్మత్త కూడా ఏందని పరిగెత్తుకొని వచ్చినాది. ఎవుర్నే సారనింది? మీ అవ్వ పుట్టినాంక ఎవుర్నీ సారని పిలవలేదు."

నిజమే. అవ్వకు పాస్టరు గారైనా, వీఆర్వో అయినా "అయ్యా" అనో "నాయనా" అనో పిలవడమే తెలుసు. ఆమె బడికి పోలేదు. హాజరు పిలవడం అనేది ఒకటుంటుందని కూడా ఆమెకు తెలియదనుకుంటాను.

శనివారం ఇంటికి వెళ్లాను. సర్దిన బట్టలు హాస్టల్లోనే విప్పి పెట్టేసి, ఒక్క జతతో వెళ్లాను. మంచం పక్కన కూర్చుని ఆమె చెవి దగ్గర అడిగాను.

"అవ్వా, నువ్వేనా పలికింది?"

 ఆమె ఎడమ చేత్తో నా గడ్డం పట్టుకుని, వేలితో నా పెదాల మీద మెల్లగా రెండుసార్లు తట్టింది. "ఊ" అంది. ఆమె అన్నిటికీ అలాగే అంటుంది కాబట్టి దాన్ని జవాబు అనుకోవడానికి లేదు.

తర్వాత నాకు నేనే చాలా రకాలుగా చెప్పుకున్నాను. తెలియకుండా నేనే పలికి ఉంటాను. షబానా పొరబడి ఉంటుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు అప్పుడప్పుడు ఒక మాట దానంతటదే వస్తుందని డాక్టరు కూడా అన్నారు. విడివిడిగా చూస్తే అన్నీ సరిపోతాయి. రెండు చోట్లా ఒకే పొద్దున అదే మాట ఎలా వచ్చిందంటే మాత్రం ఏదీ సరిపోదు.

అవ్వ మళ్లీ మాట్లాడలేదు. రెండో సెమిస్టర్ మధ్యలో పోయింది. మట్టి చేసే ముందు పాస్టరు గారు, ఇంటివాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. నాయన లేవలేకపోయాడు. నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. ఏం చెప్పానో సరిగా గుర్తులేదు కానీ, వెనక ఉన్నవాళ్లకు కూడా బాగా వినపడిందన్నారు. ఆ మాటలు మాత్రం నావే.

ఆ శుక్రవారం పలికింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.