పెళ్ళి కాలేదని కాగితం

ఆ రోజుల్లో నాకు పుష్కలంగా ఉన్నది ఒక్క అలసటే. ఇప్పుడు అరవై దాటాక ఉంటే అర్థముంది గానీ, పాతికేళ్ళ వయసులో, మోకాళ్ళు శుభ్రంగా పనిచేస్తున్నప్పుడే, పొద్దున పదయ్యేసరికి ఎక్కడ చేరగిలబడదామా అని చూసేవాణ్ణి. నాన్న పోయాక మమ్మల్ని చేరదీసిన పెద్దనాన్నకి నూజివీడులో మామిడికాయల కమీషన్ కొట్టు ఉండేది. బి.కాం. పూర్తయిన మర్నాడే నన్ను అందులో కూర్చోబెట్టారు. (కూర్చోబెట్టారు అనేది మాటవరసకే. సీజన్లో అక్కడ కూర్చున్నవాణ్ణి నేను చూడలేదు.) ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా బళ్ళ మీద వచ్చే కాయల్ని ఏరి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, మచ్చ పడ్డవి ఇంకోవైపు వేసి, గడ్డి పరిచిన గంపల్లో సర్దించడం నా ఉద్యోగం. మూడేళ్ళు చేసినా నాకది పట్టుబడలేదు. "నీ కళ్ళకి అన్ని కాయలూ ఒకటేరా. సమదృష్టి! సన్యాసుల్లో కలవాల్సినవాడివి" అనేవారు పెద్దనాన్న.

గంపల్లో వేయడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా కొనేవాళ్ళం. వాటిలో ఒక్కోసారి విదేశాల ఇంగ్లీషు పేపర్లు కూడా వచ్చేవి. తోటలు పూత మీద ఉన్న రోజుల్లో, కొట్లో పనిలేక ఒక కట్ట విప్పుతుంటే ఒక ఫొటో కనబడింది. నిచ్చెనల మీద నిలబడి యాపిల్ పళ్ళు కోస్తున్న ఆడా మగా, అందరూ నా ఈడువాళ్ళే, నవ్వుతున్నారు. కాయలు కోస్తూ నవ్వే మనుషుల్ని అంతవరకు నేను చూసి ఎరగను. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని, నాకు టైపు నేర్పిన మాస్టారి దగ్గరికి పరుగెత్తాను.

మాస్టారికి యాభై దాటి ఉంటాయి. రెండు వీధుల అవతల టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఇంగ్లీషు ఉత్తరం ఎవరికి వచ్చినా ఆయనే చదివిపెట్టేవారు. కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివి, "ఒరేయ్, ఇది ఆస్ట్రేలియా. కుర్రాళ్ళు ఏడాదిపాటు సెలవు గడపడానికి వెళ్ళొచ్చట. దేశమంతా తిరగొచ్చు, మధ్యమధ్య ఖర్చులకి తోటల్లో పళ్ళు కోసుకోవచ్చు. దానికో వీసా ఇస్తారట" అన్నారు. ఆయన గొంతులో అంత ఉత్సాహం అంతకుముందు నేను వినలేదు.

కొట్టుకొచ్చి పెద్దనాన్నకి చెప్పాను. ఆయన "సెలవంటే పని మానడం కదరా?" అన్నారు.

"అవునండీ."

"మరి మన తోటలో కాయ కోస్తే పనీ, వాళ్ళ తోటలో కోస్తే సెలవూనా?"

అలా అన్నా ఆయన వద్దనలేదు. పాస్‌పోర్టు కోసం వాకబు చేయడానికి కానిస్టేబుల్ కొట్టుకొచ్చి "కుర్రాడు ఎలాంటివాడండీ?" అని అడిగితే, "మంచివాడే. కాయలు ఏరడం రాదు గానీ" అన్నారు. అతను మొదటి ముక్క మాత్రమే రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పేపర్లో ఉన్న షరతులన్నీ మాస్టారు నీట్‌గా టైపు చేసి నాకిచ్చారు. ఇరవై ఆరు నిండకూడదు. ఒంట్లో జబ్బు ఉండకూడదు. వెంట పిల్లలు ఉండకూడదు. చేతిలో కొంత డబ్బుండాలి (అది చివర్లో చూసుకుందాం అన్నారు మాస్టారు). బళ్ళో చేర్చేటప్పుడు మా అమ్మానాన్నలు తొందరపడి నా వయసు రెండేళ్ళు పెంచి రాయించారు. దాని ప్రకారం జూలై ఒకటిన ఇరవై ఆరు నిండుతాయి. అసలు వయసు రుజువు చేద్దామంటే మా ఊరి జనన రిజిస్టరు ఎప్పుడో చెదలు తినేశాయి. ఉన్న గడువు నాలుగు నెలలు. అవి కూడా కొట్లో ఊపిరాడని నెలలు.

పిల్లల షరతు దగ్గర మాస్టారు ఆగిపోయారు. "పిల్లలు లేరని కాగితం తేవడం అసహ్యంగా ఉంటుందిరా. అసలు పెళ్ళే కాలేదని తెచ్చావనుకో, పిల్లల సంగతి దానంతటదే తేలిపోతుంది."

అక్కడితో నా కష్టాలు మొదలయ్యాయి. ముసునూరు దాటాక మా సొంతూరు. అక్కడి గ్రామాధికారికి ఉద్యోగం కొత్త. సంతకం పెట్టాలంటే పదిసార్లు వెనకా ముందూ చూసేవారు. "అయిందని రాయమంటే రాస్తానండీ, ఎవరో ఒకరు భోజనం చేసి ఉంటారు, సాక్ష్యం ఉంటుంది. కాలేదని ఎలా రాయమంటారు?" అన్నారు. పోనీ మా ఊళ్ళో కాలేదని రాయమన్నాను. "మరి ఉంగుటూరులో అయ్యుంటేనో? మీ అమ్మమ్మగారి ఊరు కదండీ అది" అన్నారు. ఎర్రటి ఎండలో రెండు బస్సులు మారి ఉంగుటూరు వెళ్ళాను. అక్కడివాళ్ళు మజ్జిగ ఇచ్చి, పెళ్ళి ఎక్కడా కాలేదనే కాగితం ముందు సొంతూరివాళ్ళే ఇవ్వాలని చెప్పి పంపించారు. ఇలా మూడు వారాలు. పొద్దున కొట్టు, మధ్యాహ్నం బస్సు, సాయంత్రం మళ్ళీ కొట్టు. బస్సులో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను.

ఈలోగా మా గ్రామాధికారి తన జాగ్రత్తలో తానుండి, "ఫలానా అబ్బాయికి పెళ్ళేమైనా అయిందా?" అని ఊళ్ళో నలుగురినీ విచారించారు. ఆ నలుగురూ ఇంకో నలభై మందిని విచారించారు. ఒకరోజు ఇంటికెళ్ళేసరికి అమ్మ పొయ్యి వెలిగించకుండా గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఎవరురా ఆ పిల్ల?" అంది.

"ఏ పిల్లమ్మా?"

"కాకపోతే కాలేదని కాగితం దేనికిరా? మీ పెద్దనాన్న తెచ్చుకున్నారా అలాంటి కాగితం?"

"ఆయనకి అయింది కదమ్మా."

"అదే నేననేదీ!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆస్ట్రేలియా, యాపిల్ పళ్ళు, షరతులు అన్నీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. అంతవరకు నేను గానీ పెద్దనాన్న గానీ ఆవిడకి ఈ వెళ్ళే సంగతే చెప్పలేదు. విన్నాక లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది. మర్నాడు పొద్దున్నే మంచి చీర కట్టుకుని, "పద" అంది. బస్సెక్కి తిన్నగా గ్రామాధికారి ఇంటికే తీసుకెళ్ళింది.

"నా కొడుక్కి పెళ్ళి కాలేదండీ. రాయండి."

"తల్లి మాట సాక్ష్యానికి పనికిరాదేమోనండీ."

"పెళ్ళయితే నాకు తెలియకుండా ఎవరికి తెలుస్తుందండీ? మీకా?"

ఆయన గోడ గడియారం వంక చూసి, కాగితం తీసి, 'నాకు తెలిసినంతవరకు, ఈ రోజు ఉదయం పదకొండు గంటల దాకా ఇతనికి వివాహం కాలేదు' అని రాసి స్టాంపు గుద్దారు. తిరుగు బస్సులో అమ్మ కిటికీ బయటికి చూస్తూ, "అక్కడ అన్నం దొరుకుతుందంటారా?" అని ఎవరినో అడిగినట్టు అడిగింది. నాకు నిద్ర ముంచుకొస్తోంది, ఊఁ అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

మే నెలాఖరున మాస్టారు అన్ని కాగితాలకీ నకళ్ళు టైపు చేసి, పైన ఒక ఉత్తరం పెట్టి, ఢిల్లీలో ఆస్ట్రేలియా వాళ్ళ ఆఫీసుకి రిజిస్టర్డు పోస్టు చేయించారు. జూన్ చివరి వారంలో, ఆఖరి బళ్ళు వస్తుండగా, జవాబొచ్చింది. ఈ వీసా కొన్ని దేశాల వాళ్ళకి మాత్రమేననీ, ఆ దేశాల్లో మనది లేదనీ, నా ఆసక్తికి కృతజ్ఞతలనీ. ఏ దేశాల కుర్రాళ్ళకి అని ఒక్కసారైనా కనుక్కోవాలని మా ఇద్దరికీ తట్టనేలేదు.

మాస్టారు దాన్ని మూడుసార్లు చదివారు. "ఎంత మర్యాదగా రాశార్రా" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపయ్యాక, ఎదురుగా ఉన్న టైపు మిషను మీద చెయ్యేసి, "నా ఇరవై ఐదో ఏట ఇలాంటిదేదో ఉందని తెలిసుంటే..." అని ఆగిపోయి, "సర్లే, కొట్టుకి పో. మీ పెద్దనాన్న చూస్తుంటారు" అన్నారు. నాలుగు నెలలూ ఆయన ఎవరి కోసం టైపు చేశారో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. కానీ ఓదార్చే వయసు కాదు నాది, ఓపికా లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తరం చూశాక నాకు దుఃఖం రాలేదు. ఇక ఏ బస్సూ ఎక్కక్కర్లేదు అన్న ఒక్క ఆలోచన ఒళ్ళంతా పాకింది. కొట్టుకెళ్ళి, గంపల వెనక గడ్డి మీద ఒక్క నిమిషం అని వాలాను. ఎంతసేపయిందో తెలియదు. ఎవరో లేపబోతుంటే మగతలో పెద్దనాన్న గొంతు వినబడింది.

"పడుకోనీయండ్రా. ఆస్ట్రేలియా నుంచి ఇప్పుడే దిగాడు."

హమాలీలు నవ్వారు. నేను నిద్రలోనే ఉన్నట్టు నటించాను. ఎండ వాలేదాకా నన్నెవరూ కదిలించలేదు. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను, లెక్కకి చాలా సెలవులే వాడుకున్నాను. కానీ అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ పడుకోలేదు. గడ్డిలో వాలిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకూ లేపబుద్ధి కాదు.