నల్లతెర ముందు ఫోటో

నాతోపాటు బీఎడ్ చదివిన ఒక ఉప్పుగూడ అమ్మాయిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. తరగతిలో టెక్నాలజీ గురించి ఎవరెంత గొప్పగా చెప్పినా చివరిదాకా విని, "దీంతోని పిల్లలకు ఏం కనవడ్తది?" అని అడిగేది.

టీచింగ్ ప్రాక్టీసుకు మమ్మల్ని పురానాపూల్ దగ్గరి బడికి పంపారు. ఆమె పాఠం చెప్పే రోజున కరెంటు పోయి, గోడకున్న డిజిటల్ బోర్డు నల్లబడింది. ఆమె కిటికీలు మూయించి, ఫోన్ టార్చి వెలుగులో బంతి పట్టుకుని గ్రహణం చూపించింది. పిల్లలు బెంచీలెక్కి మరీ చూశారు.

మార్కులు వేసే సారు కంటికి అది ఆనలేదు.

"టార్చి టెక్నాలజీ కిందికి రాదమ్మా. బోర్డు ముంగట నిలబడు, ఫోటో తీస్త. పైకి పంపాలె."

"కరెంటు లేదు కద సార్."

"ఫోటోల కరెంటు కనవడ్తదా ఏంది?"

కిటికీలు తెరిపించి నిలబడింది, నవ్వలేదు. పిల్లల మధ్య నుంచి ఆయన తీసిన ఆ ఫోటో 'డిజిటల్ బోధన' పేరుతో మా గ్రూపులోకి వచ్చింది. దాని కింద వచ్చిపడిన చప్పట్ల బొమ్మలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె ఫోటోను పెద్దది చేసి ఆయన ముందు పెట్టింది. అద్దంలా మెరుస్తున్న నల్లతెర నిండా ఫోనెత్తి పట్టుకున్న ఆయనే ఉన్నారు.

"పిల్లలకు మీరే కనవడ్డరు సార్," అంది.